మల్కన్‌గిరిలో ఒక పాత డోజరు

2025 ఫిబ్రవరిలో మా భారీ యంత్రాల విభాగానికి చెందిన డంపరు ఆపరేటరు ఒకరు తమ కుమార్తె వివాహానికి తప్పక రావాలని మమ్మల్ని పట్టుబట్టి ఆహ్వానించారు. వారి స్వస్థలం ఒడిశాలోని మల్కన్‌గిరి ప్రాంతం. మాతృభాష బెంగాలీ అయినా, ఎన్నో ఏళ్ళుగా మన మధ్య పనిచేస్తున్నందువల్ల తెలుగు ధారాళంగా మాట్లాడతారు. విభాగం నుండి ముగ్గురం బయలుదేరాము. ఒకరు వర్క్‌షాపు ఫోర్‌మన్, ఒకరు స్టోర్సు అధికారి, మూడవ వ్యక్తి ఈ వ్యాసం వ్రాస్తున్న ఇంజనీరు. ముగ్గురికీ యాభై దాటినవే. పెళ్ళి భోజనం చేసి, రెండు రోజులు ఊరు చూసి రావడమే మా ఉద్దేశం.

విశాఖపట్నంలో ఉదయం కిరండూల్ పాసింజరు ఎక్కాము. కొత్తవలస నుండి కిరండూల్ వరకు ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో జపాను సహకారంతో వేసిన లైను ఇది. నాటి ప్రాజెక్టు పేరు దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు. నేటికీ రైల్వేవారు దీనిని డి.బి.కె. లైను లేదా కె.కె. లైను అంటారు. బొర్రా గుహలకు, అరకుకు వెళ్ళే యాత్రికులు దిగిపోయిన తరువాత పెట్టెలు సగానికి పైగా ఖాళీ అయ్యాయి. మధ్యాహ్నానికి మనవారు జయపురమని పిలుచుకొనే జైపూరులో దిగి, జీపు మాట్లాడుకొన్నాము.

జయపురం నుండి మల్కన్‌గిరి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. బోయిపరిగూడ దాటాక రోడ్డుకు రెండు వైపులా సాల వృక్షాలు కమ్ముకొని వస్తాయి. మన ఉత్తరాంధ్రలో గుగ్గిలం చెట్టు అనేది దీనినే. గోవిందపల్లి ఘాటు దిగేసరికి గాలి మారింది. కొండల మీది చలి పోయి, గోదావరి తీరపు ఉక్క తగిలింది. ఈ రోడ్డు దక్షిణంగా మోటు మీదుగా మన చింతూరు వరకు వెళుతుంది. మోటు వద్ద శబరి, సీలేరు నదులు కలుస్తాయి. అందువల్ల మల్కన్‌గిరి సంతలో తెలుగు వినిపించడం వింత కాదు.

మల్కన్‌గిరి దాటిన తరువాత ఊళ్ళ పేర్లు మమ్మల్ని ఆశ్చర్యపరిచాయి. ఎం.వి. అనే అక్షరాలు, పక్కన ఒక అంకె. మల్కన్‌గిరి విలేజి ఒకటి, రెండు, మూడు అని కాగితం మీద వేసిన సంఖ్యలే ఊళ్ళకు పేర్లుగా నిలిచిపోయాయి. ప్రతి ఊరికీ ఒక చేపల చెరువు, అరటి తోట, దుర్గా మండపం. వాటిని ఆనుకొనే తాటిచెట్ల నడుమ కోయ గూడెం, దాని చుట్టూ ఇప్పచెట్లు. ఒకే రోడ్డు మీద రెండు లోకాలు కనిపిస్తాయి.

ఈ ఊళ్ళు ఎలా ఏర్పడ్డాయో ఎరుగని పాఠకుల కోసం కొద్దిగా చెప్పవలసి ఉంది. దేశ విభజన తరువాత తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన నిరాశ్రయులకు పునరావాసం కల్పించడానికి కేంద్ర ప్రభుత్వం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థను స్థాపించింది. ఒడిశాలోని కోరాపుట్, నాటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లాలు దాని పరిధి. (నేటి మల్కన్‌గిరి 1992లో కోరాపుట్ నుండి విడివడి జిల్లా అయింది.) రాయపూర్ సమీపంలోని మానా శిబిరంలో నెలలు, సంవత్సరాలు గడిపిన కుటుంబాలను ఇక్కడికి తెచ్చి, తొలి రోజుల్లో కుటుంబానికి ఆరేడు ఎకరాల చొప్పున భూమి ఇచ్చారు. సాగులోకి తెచ్చిన భూమిలో నాలుగవ వంతు స్థానిక ఆదివాసులకు చెందాలన్నది నియమం. అయితే ఆ భూమి అప్పటికి సేద్యపు భూమి కాదు, అడవి. అడవిని పొలంగా మార్చవలసిన భారం చైను ట్రాక్టర్ల మీద, అంటే మనం నిత్యం చూసే డోజర్ల మీద పడింది. నీటి వసతి లేక, నేల సరిగా పండక, 1978లో వేలాది కుటుంబాలు ఇక్కడి నుండి సుందరవనాలకు వెళ్ళిపోయి మరిచ్‌ఝాపి ద్వీపంలో స్థిరపడజూశాయి. 1979లో ప్రభుత్వం వారిని అక్కడి నుండి వెళ్ళగొట్టగా, అనేకులు తిరిగి ఇక్కడికే వచ్చారు. బలిమెల జలాశయపు నీరు పొట్టేరు కాలువల ద్వారా అందడంతో నేడు ఈ ప్రాంతం వరి పండిస్తున్నది. బలిమెల మన రాష్ట్రమూ ఒడిశా కలిసి సీలేరుపై నిర్మించుకొన్నదే.

వివాహం వైభవంగా జరిగింది. శంఖాలు, ఉలులు, అర్ధరాత్రి లగ్నం, చేపల కూరలు. వాటిని వర్ణించే నేర్పు మాకు లేదు.

మరునాడు తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా, ఇంటి వెనుక నుండి ఒక పరిచితమైన శబ్దం వినబడింది. ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను చలికి మొరాయించి, రెండు మూడు దగ్గులు దగ్గి, తెల్లని పొగతో అందుకొనే శబ్దం. మా ఫోర్‌మన్ మంచం మీద లేచి కూర్చొని, “డి-80” అన్నారు. లుంగీలతోనే వెళ్ళి చూశాము.

అది నిజంగా డి-80యే. బి.ఇ.ఎం.ఎల్. వారు కోమత్సు సహకారంతో తయారుచేసిన, సుమారు 180 అశ్వశక్తి గల, మన గనుల్లో ఒక తరం పాటు పనిచేసిన డోజరు. పసుపు రంగు ఎక్కడో ఒకచోట తప్ప మిగలలేదు. అవర్ మీటరు ఎప్పుడో ఆగిపోయింది. సీటు స్థానంలో లారీ సీటు, సైలెన్సరు మీద బోర్లించిన డబ్బా. దాని పక్కన చేతిలో గ్రీజు గన్నుతో ఒక వృద్ధుడు. వధువు తండ్రికి మేనమామ. వయసు 79. ఊరంతా ఆయనను మిస్త్రీ దాదా అంటారు; మేమూ అలాగే పిలిచాము. ఆయన మాతో మాట్లాడినది హిందీ, తెలుగు కలిసిన భాషలో.

ఖుల్నా ప్రాంతం నుండి 1964లో తల్లిదండ్రులతో వచ్చి, మానా శిబిరంలో ఉండి, పద్దెనిమిదేళ్ళ వయసులో అడవి నరికే దళంలో హెల్పరుగా చేరారట. అప్పటి యంత్రాలు అమెరికా క్యాటర్‌పిల్లర్లు. పెద్ద డీజిలు ఇంజనును లేపడానికి ముందు పక్కనున్న చిన్న పెట్రోలు ఇంజనును తాడుతో లాగి నడిపించాలి. దానిని పోనీ మోటారనేవారు. బ్లేడు ఎత్తడానికి హైడ్రాలిక్కులు లేవు, ఇనుప తాడు మాత్రమే. ఆ యంత్రాల మీద పని నేర్చి, ఆపరేటరై, మెకానిక్కై, పదవీ విరమణ డబ్బుతో ఈ డి-80ని ఒక వేలంలో తుక్కు ధరకు కొన్నారు. చేపల చెరువులు తవ్వడం, గట్లు వేయడం, మొద్దులు పెకలించడం దీని పని. ఆయన కుమారుడు నడుపుతారు.

పాత యంత్రాన్ని నడిపించడమంటే విడిభాగాలు మార్చడమేనని మన వర్క్‌షాపుల్లో ఈ మధ్య ఒక అభిప్రాయం స్థిరపడింది. మిస్త్రీ దాదా పద్ధతి వేరు. ప్రతి సాయంత్రం చైనులోని బురదను ఇనుప కడ్డీతో గీకి తీయందే ఆయన ఇంటికి వెళ్ళరు. తెల్లవారేసరికి ఆ బురద రాయి అవుతుందని, మరునాడు రోలర్లు తిరగక అరిగిపోతాయని చెప్పారు. ముందు చక్రానికి, క్యారియర్ రోలరుకు మధ్య చైను ఎంత జారి ఉన్నదో రోజూ కొలుస్తారు. 20 నుండి 30 మిల్లీమీటర్లు ఉండాలన్నది కంపెనీ పుస్తకంలోని మాట. పుస్తకం చూడకుండానే ఆయన బొటనవేలి మందంతో అదే కొలత తీస్తున్నారు. బిగువైన చైను గట్టి పట్టు ఇస్తుందని కుర్ర ఆపరేటర్లు భ్రమపడతారు. నిజానికి బిగువు చైను తన పిన్నులను, బుష్‌లను, స్ప్రాకెటు పళ్ళను తానే తినివేస్తుంది. బుష్‌లు ఒక పక్క అరిగాక, పిన్నులతో సహా నూట ఎనభై డిగ్రీలు తిప్పి మళ్ళీ వేస్తే దాదాపు మరొక జీవితకాలం వస్తుంది. మన వద్ద ఇది సర్వీసు పుస్తకంలో ఉన్నా, తిప్పే ఓపిక లేక కొత్త చైనుకు ఇండెంటు వేస్తున్నాము. ఆయన మాత్రం ఇనుప దూలాలతో, లారీలెత్తే జాకీతో స్వయంగా చేసుకొన్న ప్రెస్సు మీద చైను మొత్తం తిప్పారు. దానికి ఆయనకు, కుమారునికి పదహారు రోజులు పట్టిందట.

కొద్దిసేపు విన్నాక, ఎడమ పక్క నుండి ఆగి ఆగి ఒక దెబ్బ వినబడుతున్నదని ఫోర్‌మన్ గమనించారు. ఆయన ఏమీ అనకముందే మిస్త్రీ దాదా, “అదే నా జబ్బు” అన్నారు. ఫైనల్ డ్రైవు డ్రెయిన్ ప్లగ్గు విప్పితే నూనెతో బాటు వెండి పొట్టు వంటి లోహపు తునకలు వచ్చాయి. పినియను పళ్ళు రెండు విరిగాయి. జయపురంలో వెల్డింగు పెట్టించారు, విరిగాయి. మరల పెట్టించారు, పదకొండు రోజులు ఆగాయి. ఇది మాకు వింత కాదు. ఆ పినియను పైపొర గట్టిగా, లోపలి గుండె మెత్తగా ఉండేలా ప్రత్యేక ఉష్ణచర్య చేసిన మిశ్రమ ఉక్కు. వెల్డింగు వేడికి పక్క పళ్ళ గట్టితనం కూడా పోతుంది, అతుకు కింద నెర్రెలు పుడతాయి. మూడవసారి వెల్డింగు పెట్టవద్దని, విరిగిన ముక్క గేర్ల మధ్య పడితే పెట్టె మొత్తం పగులుతుందని మేము చెప్పాము. చెప్పడం సులభమే. ఇంత పాత నమూనాకు కొత్త పినియను దొరకదు, దొరికినా ఆ ధర ఆయన యంత్రం ధరకు దగ్గరగా ఉంటుంది.

ఆయన తొందరకు కారణం ఉంది. మేనల్లుని వరసైన ఒక రైతు నాలుగెకరాలలో నీలగిరి తోట వేసి, పలుమార్లు నరికి అమ్ముకొని, ఇక దిగుబడి పడిపోయిందని ఈసారి వరి వేయదలిచారు. కాలువ నీరు వచ్చే భూమి. చెట్లు నరికినా మొద్దులు మిగిలాయి. నీలగిరి మొద్దును అలాగే వదిలితే ఆరు నెలల్లో చుట్టూ పిలకలు వేసి మళ్ళీ తోటవుతుంది. రైతు అప్పటికే విత్తనాలకు అప్పు చేశారు. జూన్ వానలకు ముందు మొద్దులు రావాలి. ఎక్స్‌కవేటరు అద్దెకు తెస్తే పని ఇంకా చక్కగా అవుతుందని ఒక ఇంజనీరుగా మేము ఒప్పుకోవాలి. అది మొద్దును ఎత్తి, విదిల్చి, మన్ను రాల్చి పక్కన పెట్టగలదు. కాని గంటల లెక్కన దాని అద్దె ఆ రైతు భరించగలిగినది కాదు. మామగారి డోజరయితే డీజిలు పోసుకొంటే చాలు. ఆ డీజిలు కూడా గంటకు ఇరవై లీటర్లకు తగ్గదు.

ఆ మధ్యాహ్నం తోట చూడడానికి వెళ్ళినప్పుడు మిస్త్రీ దాదా పాత రోజుల గురించి చెప్పిన విషయం మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. నాటి దళాలు మొద్దులను పెకలించి, బ్లేడుతో తోసుకుంటూ పోయి పొలం అంచులలో వరుసలుగా పేర్చి తగులబెట్టేవి. రోజుకు ఎన్ని ఎకరాలు అన్నదే లెక్క. ఆ బ్లేడు మొద్దుతో బాటు జానెడు పైమన్నును కూడా తోసుకుపోయేది. మొదటి పంట నాడు చూస్తే, వరుసలు కాల్చిన అంచులలో వరి నడుము ఎత్తు లేచింది. పొలం నడుమ మోకాలి ఎత్తు కూడా రాలేదు. అడవి నేలలో సారమంతా పైనున్న ఆకు కుళ్ళిన పొరలోనే ఉంటుంది. దాని కింద చాలాచోట్ల ఎర్ర గులక నేల. “మేము పొలం చేశామనుకొన్నాం, పొలాన్ని గట్టు మీదికి తోశాం” అన్నారాయన. రైతులు తిట్టింది ప్రభుత్వాన్ని, కాని లివరు మీద ఉన్న చెయ్యి తనదని ఆయనకు తెలుసు. అందువల్ల ఈ డి-80 కొన్న మొదటి సంవత్సరమే, తుక్కు రైలు పట్టాల ముక్కలతో బ్లేడు అంచుకు దువ్వెన వంటి పళ్ళు చేయించారు. మొద్దు పళ్ళ మీద ఆగుతుంది, మన్ను సందుల్లో నుండి జారిపోతుంది. ఇటువంటి రూట్ రేకులను కంపెనీలూ అమ్ముతాయి. ఆయన ఏ క్యాటలాగూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో రైలు సొరంగాలలో దూరి వస్తున్నంత సేపూ స్టోర్సు అధికారి మౌనంగా ఉన్నారు. కారణం మాకు తెలుసు. మా యార్డులో సర్వే-ఆఫ్ అయిన డి-80లు మూడు గడ్డిలో పడి ఉన్నాయి. వాటిలో ఒకదానికి, మూల పెట్టడానికి రెండేళ్ళ ముందే, ఫోర్‌మన్ స్వహస్తాలతో ఎడమ ఫైనల్ డ్రైవు కొత్తది బిగించారు. కాని మూడింటినీ ఒకే లాటుగా వేలానికి పెట్టడం జరిగింది. జాబితాకెక్కిన యంత్రం నుండి ఒక బోల్టు తీసినా అపరాధమే. అయినా పుస్తక ధర చెల్లించే షరతుతో ఒక పినియను విడిగా విక్రయించవచ్చునేమో పరిశీలించవలసిందిగా ఒక నోటు పంపాము. మూడు వారాల తరువాత ఒకే వాక్యంతో తిరిగి వచ్చింది: లాటు విభజించుటకు వీలుపడదు. ఆ కుర్చీలో మేమున్నా అదే వ్రాసి ఉండేవారము. ఒకరికి ఒక పినియను ఇస్తే రేపు మరొకరికి ఇంజను ఇవ్వాలి, ఎల్లుండి ఆడిటు వారికి జవాబివ్వాలి. అయినా ఆ కాగితం చూసిన రోజు భోజనం రుచించలేదు.

ఏప్రిల్‌లో వేలం జరిగింది. లాటును ఒక తుక్కు వ్యాపారి పాడుకొన్నారు. టన్నుల లెక్కన కొన్న యంత్రాన్ని ఎవరూ నడిపించుకొని పోరు. గ్యాసు కట్టర్లతో అక్కడికక్కడే ముక్కలు చేసి లారీలకెత్తుతారు. వేలం ఫలితం బహిరంగమే కాబట్టి, పెళ్ళికుమార్తె తండ్రి ఆ సంగతి ఊరికి ఫోను చేశారు. రెండు రోజుల్లో మిస్త్రీ దాదా, కుమారుడు రైలెక్కి వచ్చి గేటు బయట వ్యాపారి కోసం కూర్చొన్నారు. అప్పటికి ఒక యంత్రం బ్లేడు, హుడ్డు కోసివేయడం అయింది. వ్యాపారి మనిషి తెలివైనవాడు. అంత దూరం నుండి వచ్చిన ముసలాయన ముఖం చూడగానే తుక్కు ధరకు మూడింతలు చెప్పాడు. మాకు కోపం వచ్చింది. మిస్త్రీ దాదాకు రాలేదు. అరగంట బేరమాడి రెండింతలకు దించారు.

తరువాతి చిక్కు విప్పడం. కట్టరుతో కోస్తే పినియను వేడికి పాడవుతుంది, కాబట్టి బోల్టులు విప్పే తీయాలి. ఫోర్‌మన్ ఆ ఆదివారం సెలవు నాడు, వ్యాపారి వ్రాతపూర్వక అనుమతితో, గేటు పాసు తీసుకొని, సొంత స్పానర్లతో వచ్చారు. స్టోర్సు అధికారి ఉదయం నుండి సాయంత్రం దాకా కుర్చీ వేసుకొని పక్కనే కూర్చొన్నారు. పినియను, దాని జోడు గేరు, బేరింగులు, తేలుడు సీళ్ళు తప్ప మరేదీ ఆ గేటు దాటలేదని రేపెవరైనా అడిగితే చెప్పడానికట. రాత్రి తొమ్మిదింటికి గ్రీజు పూసి గోనె సంచులలో చుట్టిన ఆ భాగాలను తండ్రీకొడుకులు తీసుకుపోయారు. మిగిలిన రెండు యంత్రాలు, వాటి భాగాలతో సహా, ఆ వారంలోనే కొలిమికి చేరాయి.

మే నెలాఖరులో సెలవు పెట్టి మేము ముగ్గురం మరల మల్కన్‌గిరి వెళ్ళాము. ఈసారి వివాహం లేదు. చింతచెట్టు నీడలో డోజరును స్లీపర్ల మీద నిలిపి, చైను తెంచి, స్ప్రాకెటు లాగి సిద్ధంగా ఉంచారు. బిగింపుకు రెండు రోజులు పట్టింది. తేలుడు సీళ్ళంటే ఒకదానితో ఒకటి ముఖాముఖి రాసుకుంటూ నూనెను లోపల, బురదను బయట నిలిపే రెండు ఉక్కు ఉంగరాలు. మేము తెచ్చినవి కొంత అరిగినవే. అద్దం పలక మీద ల్యాపింగు పేస్టు వేసి, ఎనిమిది అంకె ఆకారంలో వాటిని గంటల తరబడి రుద్దడం మా భాగానికి వచ్చింది. ఆఫీసు బల్ల మీద ఫైళ్ళు రుద్దిన చేతులు రెండవ రోజుకు పొక్కులెక్కాయి. మూడవ నాటి ఉదయం ఇంజను అందుకొన్నాక అందరం ఎడమ పక్కకు చేరి చెవులొగ్గాము. దెబ్బ లేదు.

తోటలో మొదటి మొద్దు దగ్గర మేమొక తప్పు చేశాము. నడుమెత్తు చెట్టు మొద్దుకు 180 అశ్వశక్తి ఎక్కువే అని, ఫోర్‌మన్‌ను లివరు మీద కూర్చోబెట్టి, నేరుగా తోయమన్నాము. మొద్దు ఒరిగింది. మేము చప్పట్లు కొట్టేలోపు ముందుకు సాగిన డోజరు కిందికి దాని వేరు గడ్డ దూరి, యంత్రం పొట్ట మీద కూర్చుండిపోయింది. రెండు చైనులూ గాలిలో తిరిగాయి. పలుగు పారలతో తవ్వి దింపడానికి గంటన్నర పట్టింది. మిస్త్రీ దాదా ఒక్క మాటా అనలేదు. కుమారునితో బెల్లం టీ తెప్పించారు.

తరువాత ఆయన చెప్పినట్లు చేశాము. ముందుగా తోయబోయే దిక్కుకు ఎదుటి పక్కన బ్లేడు మూలతో కందకం తీసి వేళ్ళు తెంచాలి. తరువాత రెండు పక్కలా తెంచాలి. నాలుగవ పక్కన మన్ను పోసి చిన్న వాలు కట్టాలి; ఆ వాలు ఎక్కి తోస్తే బ్లేడు మొద్దుకు పైభాగంలో తగులుతుంది. మీటకు పొడవు ఎంత ముఖ్యమో ఇక్కడ చెట్టుకు ఎత్తు అంత ముఖ్యం. అసలు చెట్టును నరకకముందే, నిలిచి ఉండగా పైన తోస్తే దాని బరువే వేళ్ళను పెకలిస్తుంది. కలప కోసం ముందే నరికివేస్తే ఆ మీట పోయి మొద్దు మాత్రం మిగులుతుంది. నాటి దళాలకు చాలాచోట్ల దక్కినది ఆ మొద్దులే. మొద్దు లేచే క్షణంలో ముందుకు పోకుండా వెనక్కి తీయాలి. బరువు మీద ఉండగా మలుపు తిప్పరాదు, చైను దిగిపోతుంది. లేచిన మొద్దును పళ్ళతో ఎత్తి, వదిలి, మరల ఎత్తి మన్ను దులపాలి. ఆ దులుపు వల్ల పని సగానికి సగం మందగించింది. ఎవరూ తొందర పెట్టలేదు.

నాలుగవ నాడు పొలం తూర్పు హద్దు మీద ఒక ఇప్ప మొద్దు ఎదురయింది. గాలివానకు కూలిన చెట్టు మొదలు. పక్క చేను కోయవారిది. చప్పుడు విని ఆ ఇంటి పెద్దాయన వచ్చి, యంత్రానికి ఎదురుగా నిలబడి, “దాన్ని ముట్టొద్దు సారూ, పిలకలొచ్చినయి” అని తెలుగులోనే అన్నారు. చూస్తే నిజమే, బెరడు పక్క నుండి రెండు ఎర్రని చిగుళ్ళు జానెడు లేచాయి. హద్దు రాయికి మొద్దు ఇవతల ఉందని, అది ఉంటే గట్టు వంకర పోతుందని, యంత్రం తిరగదని రైతు వాదించారు. “మా అయ్య పువ్వేరిన చెట్టు మామా” అన్నారు కోయ పెద్దాయన, మిస్త్రీ దాదా వైపు తిరిగి.

మిస్త్రీ దాదా ఇంజను ఆపించారు. అప్పట్లో కొన్నిచోట్ల ఇప్పను వదిలేవారట, కొన్నిచోట్ల వదలలేదట. పటంలో గీసిన గీతకు లోపల ఉంటే చాలు, గూడేన్ని అడిగేదెవరని మాతో నెమ్మదిగా చెప్పారు. గీత గీసినవారిని ఆయనా ఎన్నడూ చూడలేదు. తరువాత మేనల్లుని పిలిచి, గట్టు మొద్దుకు మూడు గజాల ఇవతల నుండి వేస్తానని, పోయే నేల తన కూలి లెక్కలో తగ్గించుకొమ్మని అన్నారు. రైతు ముఖం చిన్నబోయింది గాని మరల మాట్లాడలేదు. కోయ పెద్దాయన మధ్యాహ్నం ఒక కుండ తాటికల్లు పంపారు. స్టోర్సు అధికారి పుచ్చుకోలేదు, మేము కాదనలేదు.

ఆరు రోజుల్లో నాలుగెకరాలూ శుభ్రపడ్డాయి. మొద్దులను కాల్చకుండా ఊరి చివర పేర్చారు. ఎండాక కమ్మరి వచ్చి ఊక పొగలో కాల్చి బొగ్గు చేసుకొంటాడు. తిరిగి వచ్చేటప్పుడు మోటు, చింతూరు మీదుగా భద్రాచలం చేరాము. మల్కన్‌గిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి రైలు మార్గాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించింది. ఆ మార్గానికి కూడా అడవిలో చాలా మొద్దులు తీయవలసి ఉంటుంది.

వర్క్‌షాపులో మిగిలి ఉన్న డి-80 విడిభాగాల పుస్తకాన్ని అనుమతితో జిరాక్సు తీయించి మిస్త్రీ దాదాకు పంపాము. జూన్ మూడవ వారంలో ఆయన కుమారుడు ఫోను చేశారు. వానలు పడ్డాయి, నారు పోశారు, ఎడమ పక్క చప్పుడు లేదు. కుడి పక్కన మాత్రం చిన్నగా మొదలైందట.